కిరాయిదారు ఖాళీ చేయనంటే: నోటీసు నుంచి తాళం చేతికొచ్చే దాకా

అగ్రిమెంటు గడువు దాటిపోయింది. మూడు నెలల అద్దె బాకీ. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఇలాంటప్పుడు చాలామంది ఇంటి ఓనర్లు మొదట అడిగే ప్రశ్న, "తాళం మార్చేస్తే ఏమవుతుంది?" అని. గెలవాల్సిన కేసును చేజేతులా పోగొట్టుకునే దారుల్లో అన్నిటికన్నా దగ్గరిది అదే.

గడువు ముగిస్తే అద్దెదారుకు ఆ ఇంట్లో ఉండే హక్కు పోతుంది. స్వాధీనం మాత్రం ఆయన చేతిలోనే ఉంటుంది. దాన్ని ఆయనే అప్పగించాలి, లేదంటే కోర్టు ద్వారా తీసుకోవాలి. మూడో దారి లేదు. స్థిరపడిన స్వాధీనంలో ఉన్న మనిషిని అసలు యజమాని అయినా సరే బలప్రయోగంతో బయటికి పంపకూడదని 2003లో రామే గౌడ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం సెక్షన్ 6 ఇంకో అడుగు ముందుకేస్తుంది: బలవంతంగా వెళ్లగొట్టబడినవాడు 6 నెలల లోపు దావా వేస్తే ఇల్లు ఎవరిదన్న సంగతి కోర్టు చూడనే చూడదు. నిన్నటిదాకా ఎవరు ఉన్నారు, ఎలా పోయారు, అంతే. రిజిస్టర్డ్ సేల్ డీడ్ చేతిలో పట్టుకుని కూడా ఓడిపోయే దావా ఇదొక్కటే అనుకోవచ్చు.

క్రిమినల్ కేసు బెడద వేరే. మీ ఇల్లే అయినా, ఆయన స్వాధీనంలో ఉన్న చోటికి బెదిరించే ఉద్దేశంతో జొరబడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 329 కింద అక్రమ ప్రవేశం అవుతుంది. దారికి అడ్డం నిలబడితే సెక్షన్ 126. కరెంటు ఫ్యూజు పీకడం, నీళ్ల వాల్వు కట్టేయడం కూడా పనికిరాదు. అద్దె నియంత్రణ చట్టం దాన్ని నేరుగానే నిషేధించింది. ఆ చట్టం వర్తించని ఇళ్లలో కూడా సివిల్ కోర్టు మధ్యంతర ఉత్తర్వుతో సరఫరా తిరిగి ఇప్పిస్తుంది. ఆ ఉత్తర్వు మీ మీద వచ్చాక, తర్వాత మీరు వేసే దావాలో జడ్జి ముందు మీ మొహం ఎలా కనబడుతుందో ఆలోచించండి.

ఇక పోలీస్ స్టేషన్. అక్కడ "ఇది సివిల్ మ్యాటరండీ" అంటే కోపం తెచ్చుకోకండి, వాళ్లన్నది నిజమే. ఖాళీ చేయించే అధికారం వాళ్లకు లేదు. స్టేషన్లో కూర్చోబెట్టి రాయించుకున్న కాగితం చూపిస్తే, భయపెట్టి సంతకం చేయించారని అవతలివాళ్ల లాయరు ఒక్క మాటలో తేల్చేస్తాడు.

ముందు తేల్చుకోవాల్సింది: ఏ కోర్టు

తెలంగాణలో రెండు దారులున్నాయి. ఒకటి 1960 నాటి భవనాల (లీజు, అద్దె, తొలగింపు) నియంత్రణ చట్టం కింద రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్లడం. రెండోది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కింద అద్దెను రద్దు చేసి సివిల్ కోర్టులో దావా వేయడం. ఏది కావాలంటే అది ఎంచుకునే వీల్లేదు, మీ భవనమే దాన్ని నిర్ణయిస్తుంది.

అద్దె నియంత్రణ చట్టం సెక్షన్ 32 కొన్ని భవనాలను ఆ చట్టం నుంచి తప్పించింది. 2005 సవరణ తర్వాత లెక్క ఇలా ఉంది: మున్సిపల్ కార్పొరేషన్ పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటితే, మిగతా చోట్ల 2,000 దాటితే, ఆ చట్టం వర్తించదు. కట్టడం పూర్తయి 15 ఏళ్లు నిండని భవనాలకూ వర్తించదు, ప్రభుత్వ భవనాలు సరేసరి. ఈ రోజు హైదరాబాద్‌లో 3,500కి ఏం దొరుకుతుంది? కాబట్టి కూకట్‌పల్లి ఫ్లాటు, దిల్‌సుఖ్‌నగర్ రెండు గదుల పోర్షను, మణికొండ విల్లా అన్నీ సివిల్ కోర్టు దారే. రెంట్ కంట్రోలర్ దారి మిగిలింది ప్రధానంగా పాత బజార్లలో తాతల నాటి అద్దెకు నడుస్తున్న మల్గీలకు (చిన్న షాపులకు), పాత ఇళ్లకు.

ఇక్కడ తప్పు జరిగితే నష్టం డబ్బుతో పోదు. తప్పుడు కోర్టులో వేసిన కేసు మూడు నాలుగేళ్లు నడిచాక, పరిధి లేదని కొట్టేస్తారు. మళ్లీ నోటీసు, మళ్లీ మొదటి మెట్టు. అద్దె 3,200, మెయింటెనెన్స్ 600 లాంటి సరిహద్దు కేసుల్లో ఈ పేచీ తప్పకుండా లేస్తుంది. మెయింటెనెన్స్ అద్దెలో భాగమా కాదా అన్నది అగ్రిమెంటులో రాసిన తీరును బట్టి తేలుతుంది. అద్దెదారు తనకు ఏది లాభమో అదే వాదిస్తాడు.

ఆంధ్రప్రదేశ్ 2017లో అద్దె భవనాలకు వేరే చట్టం చేసుకుంది. విజయవాడ, విశాఖ వాళ్లు ముందు దాన్ని చూడాలి, ఇక్కడ చెబుతున్న 3,500 లెక్క వాళ్లది కాదు. అలాగే 2021లో కేంద్రం ఆమోదించిన మోడల్ టెనెన్సీ చట్టం గురించి వాట్సాప్‌లో తిరిగే మెసేజీలు, "రెండు నెలలు రెట్టింపు అద్దె, ఆ తర్వాత నాలుగు రెట్లు" అనేవి, నమూనా చట్టంలో ఉన్న మాటలే. కానీ అది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంగా చేసుకుంటే తప్ప దాని పేరు చెప్పి నోటీసు ఇవ్వడానికి లేదు.

నోటీసు

కేసు సగం ఇక్కడే గెలుస్తారు, లేదా ఇక్కడే పోగొట్టుకుంటారు. ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 106 ప్రకారం నెలవారీ అద్దె అయితే 15 రోజుల నోటీసు చాలు. వ్యవసాయానికో, వస్తువుల తయారీకో ఇచ్చినదైతే 6 నెలలు కావాలి. ఇంట్లో అద్దెకున్న మనిషి వెనక షెడ్డులో బేకరీ పెట్టుకున్నాడనుకోండి, "నాది తయారీ లీజు, నాకు 6 నెలలు కావాలి" అనే వాదన వస్తుంది. అగ్రిమెంటులో "నివాసం కోసం మాత్రమే" అని రాసుకుంటే అది మొదట్లోనే ఆగుతుంది.

ఈ 15 రోజులు మీరు పోస్టు చేసిన రోజు నుంచి కాదు, ఆయనకు అందిన రోజు నుంచి లెక్క. 4వ తేదీన అందితే 19తో 15 రోజులు నిండుతాయి, 20 నుంచి దావా వేయొచ్చు. 2002 సవరణకు ముందు నెలాఖరుతో ముగిసేలా నోటీసు ఉండాలనే నియమం ఉండేది. ఒక్క రోజు తేడాతో కేసులు పోయేవి. ఇప్పుడు ఆ బాధ లేదు. నోటీసులో గడువు తక్కువ పడినా, నిజంగా 15 రోజులు గడిచాకే దావా వేస్తే నోటీసు చెల్లుతుంది. అయినా 15 రోజులు అని రాయకుండా 30 రోజులు ఇవ్వడం మంచిది. పోయేది రెండు వారాలు, దక్కేది ఒక వాదన తక్కువ కావడం.

అసలు మెలిక ఏమిటంటే, ఈ 15 రోజులు "ఒప్పందంలో వేరేలా లేకపోతేనే". అగ్రిమెంటులో రెండు నెలల నోటీసు అని ఉంటే రెండు నెలలు ఇవ్వాల్సిందే. స్టేషనరీ షాపులో 11 నెలల అగ్రిమెంటు నమూనా కొని ఖాళీలు నింపేవాళ్లు ఆ క్లాజు చదవరు. నోటీసు రాసే ముందు అగ్రిమెంటు లాయరు చేతికివ్వండి, "మామూలు అగ్రిమెంటేనండీ" అని నోటితో చెప్పి సరిపెట్టకండి.

నోటీసులో తప్పకుండా ఉండాల్సిన మాట ఒకటే: ఫలానా తేదీతో మీ అద్దె హక్కు రద్దు చేస్తున్నాను, ఆ తేదీకి ఖాళీ స్వాధీనం అప్పగించండి. దీనికి తోకలు తగిలించకూడదు. "వచ్చే నెల నుంచి 20,000 ఇస్తే ఉండొచ్చు, లేదంటే ఖాళీ చేయండి" అని రాస్తే అది రద్దు నోటీసా, అద్దె పెంపు ప్రతిపాదనా అన్న చర్చ మొదలవుతుంది. "వీలైనంత త్వరగా ఖాళీ చేయగలరు" అన్నా అంతే. మర్యాద ఫోన్‌లో చూపించండి, నోటీసులో తేదీ ఉండాలి. ఆ తేదీ తర్వాత ఉంటే రోజుకో నెలకో ఎంత డ్యామేజీ అడుగుతారో కూడా రాయండి. ఆ అంకె పాత అద్దె కానక్కర్లేదు, చుట్టుపక్కల ఇవాళ నడుస్తున్న అద్దె రాయొచ్చు.

పేరు, చిరునామా విషయంలో కక్కుర్తి పడకండి. అద్దెదారు చనిపోయి ఆయన భార్య, కొడుకులు ఉంటున్నారా? చట్టం దృష్టిలో వారసులంతా కలిసి ఒకే అద్దెదారు, ఒకరికి ఇచ్చినా చాలని తీర్పులున్నాయి. అయినా అందరి పేర్లా రాసి అందరికీ పంపండి. షాపు అయితే సంస్థ పేరునా, నడిపే మనిషి పేరునా రెండూ. ఇల్లు అన్నదమ్ముల ఉమ్మడిది అయితే, మిగతావాళ్లు అభ్యంతరపెట్టనంత వరకు ఒక్క భాగస్తుడే దావా వేయొచ్చు. శ్రీరాం పస్రిచా కేసులో 1976లోనే సుప్రీంకోర్టు ఆ సంగతి తేల్చింది.

పంపడం ఎలా? పోస్టులో పంపొచ్చు, చేతికివ్వొచ్చు, ఆయన ఇంట్లోవాళ్లకో పనివాళ్లకో ఇవ్వొచ్చు. ఇవేవీ కుదరకపోతే ఇంటికి అందరికీ కనబడే చోట అంటించొచ్చు. ఇవన్నీ సెక్షన్ 106లోనే ఉన్నాయి. డెలివరీ రుజువు దొరికే పద్ధతిలో పోస్టు చేసి, దాంతోపాటు ఒక కాపీ వాట్సాప్‌లోనూ పెట్టండి. పోస్టు ముఖ్యం, వాట్సాప్ అదనం. వాట్సాప్ మెసేజీని కోర్టులో సాక్ష్యంగా పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. ఇది పాత సాక్ష్య చట్టంలోని సెక్షన్ 65బీ స్థానంలో వచ్చినది. ఫోన్ మార్చే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కవరు "రెఫ్యూజ్డ్" అనో "అన్‌క్లెయిమ్డ్" అనో తిరిగొస్తే సంబరపడి చింపకండి. సరైన చిరునామాకు పంపిన కవరు అందినట్టే భావించాలని జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 27 చెబుతుంది. ఆ ముద్రతో ఉన్న, విప్పని కవరే మీ సాక్ష్యం. ట్రాకింగ్ పేజీ అదే వారం ప్రింటు తీయండి. కొన్నాళ్లకు ఆ వివరాలు వెబ్‌సైట్లో దొరకవు.

నోటీసు ఇచ్చాక అద్దె వస్తే తీసుకోవచ్చా? ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 113 ప్రకారం నోటీసును వదులుకున్నట్టు మీ ప్రవర్తన ఉంటే నోటీసు పోతుంది. కేవలం డబ్బు తీసుకున్నంత మాత్రాన వదులుకున్నట్టు కాదని సుప్రీంకోర్టు 2006లో సరూప్ సింగ్ గుప్తా కేసులో చెప్పింది. కానీ ఆ తీర్పు మీద భారం వేసి రశీదులో "మే నెల అద్దె ముట్టినది" అని రాసివ్వడం తెలివైన పని కాదు. "వాడుకున్నందుకు డ్యామేజీల కింద, నా హక్కులకు భంగం లేకుండా" అని రాయండి. యూపీఐలో నేరుగా వచ్చి పడితే అదే మాట ఆ రోజే మెసేజీ పెట్టండి.

గడువు నడుస్తుండగానే ఖాళీ చేయించాలంటే

మూడేళ్లకు రిజిస్టర్ చేసిన లీజు ఉంది, ఏడాది కూడా కాలేదు. ఇక్కడ 15 రోజుల నోటీసు పనిచేయదు. షరతు ఉల్లంఘించినందుకు లీజు కోల్పోయేలా అదే చట్టం సెక్షన్ 111(జి) కింద వెళ్లాలి. దానికి ఒక షరతుంది: ఫలానా ఉల్లంఘన జరిగితే యజమాని తిరిగి స్వాధీనం తీసుకోవచ్చని లీజులోనే రాసి ఉండాలి. ఆ వాక్యం లేకపోతే అద్దె ఎగ్గొట్టినా బాకీకి దావా వేయగలరు, ఖాళీ చేయించలేరు. ఆ వాక్యం ఉన్నా, విచారణ నాటికి అద్దెదారు బాకీ, వడ్డీ, ఖర్చులు మొత్తం కట్టేస్తే లీజు నిలబెట్టే అధికారం సెక్షన్ 114 కోర్టుకిచ్చింది. ఒక్క నెల ఆలస్యానికే లీజు రద్దవుతుందని ఆశపడొద్దు.

రిజిస్టర్ చేయని మూడేళ్ల అగ్రిమెంటు కథ దీనికి తలకిందులు. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ కావాల్సిందే. కాకపోతే దాని షరతులు సాక్ష్యంగా చెల్లవు. అద్దె అయితే ఉంది కాబట్టి అది నెలవారీ అద్దె అయిపోతుంది, 15 రోజుల నోటీసుతో రద్దవుతుంది. "నాకు ఇంకా రెండేళ్లుంది" అనే అద్దెదారు వాదన అక్కడితో సరి. అయితే కత్తికి రెండు వైపులా పదునే: మీరు రాసుకున్న ఏటా 10 శాతం పెంపు, ఆలస్యానికి జరిమానా కూడా అదే గంగలో కలుస్తాయి. స్టాంపు డ్యూటీ తక్కువ పడిన కాగితమైతే కోర్టు దాన్ని పట్టుకుని ఉంచి, తక్కువ పడిన డ్యూటీతోపాటు పది రెట్ల వరకు పెనాల్టీ కట్టమంటుంది. అద్దెదారులు దీన్ని కేసు సాగదీయడానికి బాగా వాడతారు. వంద రూపాయల స్టాంపు కాగితం మీద రాస్తే అంతా అయిపోయిందనుకునే మన అలవాటుకు ఫలితం ఇదే.

పాత మల్గీల దారి

రెంట్ కంట్రోల్ కిందకొచ్చే భవనమైతే గడువు ముగిసిందన్న ఒక్క కారణం చాలదు. సెక్షన్ 10లో ఉన్న కారణాల్లో ఒకటి రుజువు చేయాలి: కావాలని అద్దె ఎగ్గొట్టడం, రాతపూర్వక అనుమతి లేకుండా వేరొకరికి అద్దెకివ్వడం, ఇచ్చిన పనికి కాక వేరే పనికి వాడడం, భవనానికి నష్టం చేయడం, ఇరుగుపొరుగుకు ఇబ్బంది కలిగించడం, సరైన కారణం లేకుండా 4 నెలలు వరసగా మూసిపెట్టడం, మీ యాజమాన్యాన్నే కాదనడం. ఇవి కాక మీ సొంత అవసరం. కూల్చి కట్టుకోవడానికి సెక్షన్ 12 వేరే ఉంది.

ఎగవేత అంటే ఏమిటో చట్టం తేదీలతో చెప్పింది. అగ్రిమెంటు ప్రకారం 5వ తేదీకి కట్టాలంటే మరో 15 రోజులు, అంటే 20 దాకా ఆగాలి. తేదీ ఏదీ అనుకోకపోతే జనవరి అద్దెకు ఫిబ్రవరి ఆఖరు రోజు దాకా గడువు. ఆ తర్వాత కూడా అది కావాలని చేసిన ఎగవేత కాదని కంట్రోలర్‌కు అనిపిస్తే, 15 రోజులకు మించని గడువిచ్చి కట్టమంటాడు, కడితే కేసు కొట్టేస్తాడు. "కావాలని" అన్న మాటే ఇక్కడ కేసు మొత్తం. అద్దె తీసుకోకుండా తిప్పి పంపి తర్వాత ఎగవేత అని కేసు వేసే ఎత్తు చాలా పాతది. దానికి విరుగుడు సెక్షన్ 8లోనే ఉంది: అద్దెదారు బ్యాంకు ఖాతా చెప్పమని నోటీసు ఇస్తాడు, చెప్పకపోతే మనియార్డరు పంపుతాడు, అదీ తిరిగొస్తే కంట్రోలర్ దగ్గర డిపాజిట్ చేస్తాడు. ఆ మనియార్డరు రశీదుల కట్ట బయటికొచ్చిందంటే మీ పని అయిపోయినట్టే.

గూడూరు మోడరన్ హోటల్ కేసు కూడా ఓనర్లు తెలుసుకోవాలి. ఈ చట్టం ఒక నెల అద్దెకు మించి అడ్వాన్సు తీసుకోవద్దంటుంది. అంతకు మించి పట్టుకున్న డబ్బు ఓనరు దగ్గర ఉండగా అద్దెదారు ఎగవేతదారు కాడని 1989లో సుప్రీంకోర్టు తేల్చింది. ఆరు నెలల అడ్వాన్సు పెట్టుకుని మూడు నెలల బాకీకి కేసు వేస్తే ఈ తీర్పు మీ ముందుకొస్తుంది.

సొంత అవసరం అని వేసేటప్పుడు అవసరం ఎవరిది, ఏ పని కోసం, వేరే చోటు ఎందుకు కుదరదు అన్నవి పిటిషన్‌లోనే వివరంగా రాయాలి. క్రాస్‌లో (అవతలి లాయరు ప్రశ్నలు వేసేటప్పుడు) గుర్తుకు తెచ్చుకుని చెప్పే అవసరాన్ని ఎవరూ నమ్మరు. లీజు గడువు నడుస్తుండగా ఈ కారణం మీద వేయడానికి లేదు. అద్దెదారు ఉన్న భవనం కొన్నవాళ్లు రిజిస్ట్రేషన్ నుంచి 3 నెలలు ఆగాలి. గెలిచాక నెల లోపు మీరు దిగాలి, కారణం లేకుండా 6 నెలల లోపు ఖాళీ చేస్తే పాత అద్దెదారు తిరిగి స్వాధీనం అడగొచ్చు.

కేసు నడుస్తుండగా అద్దె కట్టకపోతే సెక్షన్ 11 మీ చేతిలో గట్టి ఆయుధం. బాకీ, నెలనెలా అద్దె కట్టమని కంట్రోలర్ ఆదేశించాక కట్టకపోతే విచారణ అక్కడితో ఆపి స్వాధీనం ఇప్పిస్తాడు. హైదరాబాద్‌లో రెంట్ కంట్రోలర్లు సిటీ స్మాల్ కాజెస్ కోర్టు జడ్జీలు, అప్పీలు 30 రోజుల్లో అదే కోర్టు చీఫ్ జడ్జి దగ్గర, ఆపైన హైకోర్టులో రివిజన్.

దావా

సివిల్ కోర్టు దావా అంటే ఆస్తి విలువ మీద కోర్టు ఫీజు పడుతుందని భయపడతారు. పడదు. అద్దెదారు నుంచి స్వాధీనం కోరే దావాకు, దావా వేసే ముందు ఏడాది అద్దె మీదే ఫీజు లెక్క. నెలకు 18,000 అయితే 2,16,000 మీద, ఫ్లాటు కోటి రూపాయలదైనా సరే. బాకీ అద్దెకు వేరేగా కట్టాలి. ఆ బాకీలో కూడా మూడేళ్లకు మించి వెనక్కి వెళ్లలేరు, కాలదోషం పడుతుంది.

ప్లెయింటులో (దావా పత్రంలో) షెడ్యూలు, అంటే ఆస్తి వివరాలు, జాగ్రత్తగా చూసుకోండి. డోర్ నంబరు, అంతస్తు, ఏ వైపు పోర్షను, నాలుగు హద్దులు, మీటరు నంబరు. "మొదటి అంతస్తు" అని రాసి ఆ అంతస్తులో రెండు పోర్షన్లుంటే, రెండేళ్ల తర్వాత స్వాధీనం ఇప్పించడానికి వచ్చిన కోర్టు అమీనా గుమ్మంలో నిలబడి ఏ తలుపు తట్టాలో తెలియక వెనక్కి వెళ్తాడు. హద్దులు సరిదిద్దుకోవడానికి మళ్లీ పిటిషన్.

అద్దెదారు 30 రోజుల్లో, పొడిగిస్తే 90 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. ఆ జవాబు చదివేటప్పుడు మూడు విషయాలు వెతకండి: తాను అద్దెదారునని ఒప్పుకున్నాడా, అద్దె ఎంతో ఒప్పుకున్నాడా, నోటీసు అందిందని ఒప్పుకున్నాడా. మూడూ ఒప్పుకుని "నాకు టైమ్ కావాలి" అన్నది తప్ప వేరే వాదన లేకపోతే, సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 12 రూల్ 6 కింద ఒప్పుకోలు మీదే తీర్పు అడగొచ్చు. సాక్షుల విచారణ మొత్తం తప్పుతుంది. చాలా దావాల్లో ఈ అవకాశం ఉండి కూడా ఎవరూ అడగరు. ఇష్యూలు (వివాదాంశాలు), చీఫ్ (సొంత సాక్ష్యం), క్రాస్ అంటూ ఏళ్లు గడిచిపోతాయి. మీ లాయరును ఈ రూలు పేరుతోనే అడగండి.

ఆర్డర్ 15-ఎ ఇంకో సాధనం. మన హైకోర్టు సవరణతో వచ్చింది. బాకీ, నెలనెలా అద్దె కోర్టులో కట్టమని ఆదేశం తెచ్చుకోవచ్చు, కట్టకపోతే అద్దెదారు డిఫెన్స్‌నే కొట్టేస్తారు. ఊరికే ఉండి కేసు సాగదీసే అద్దెదారుకు ఇదొక్కటే ఖర్చు పెట్టించే విషయం.

ఇక ఎదురు వాదనల సంగతి. "ఇల్లు వీళ్లది కాదు" అంటే, ఎవరి దగ్గర అద్దెకు దిగాడో వాళ్ల యాజమాన్యాన్ని అద్దెదారు ఆ అద్దె సాగినంత కాలం కాదనలేడని సాక్ష్య చట్టం చెబుతుంది. "ఇల్లు నాకు అమ్ముతామన్నారు, అడ్వాన్సు ఇచ్చాను" అనేది మరో రకం. అమ్మకపు ఒప్పందం కింద స్వాధీనాన్ని కాపాడుకోవాలంటే 2001 సవరణ తర్వాత ఆ ఒప్పందం రిజిస్టర్ అయి ఉండాలి. అందుకే అద్దెదారుతో చేతిరాత రశీదుల మీద అమ్మకం బేరాలు మాట్లాడకండి. మీ నోటీసు అందగానే ఆయనే ముందుగా ఇంజంక్షన్ దావా వేయడం కూడా మామూలే. దానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 148-ఎ కింద కేవియట్ వేసి ఉంచితే మీ మాట వినకుండా ఉత్తర్వు ఇవ్వరు. 90 రోజులు పనిచేస్తుంది, తర్వాత మళ్లీ వేయాలి.

వ్యాపారానికి వాడుతున్న షాపు, ఆఫీసు అయితే కమర్షియల్ కోర్టు పరిధిలోకి రావొచ్చు. అలా వస్తే అత్యవసర ఉత్తర్వు కోరకుండా వేసే దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి. వెళ్లకపోతే దావాను తిరస్కరిస్తారని 2022లో సుప్రీంకోర్టు పాటిల్ ఆటోమేషన్ కేసులో చెప్పింది. లీజులో ఆర్బిట్రేషన్ క్లాజు ఉందేమో కూడా చూడండి. ఆస్తి బదిలీ చట్టం కిందకొచ్చే అద్దె తగాదాలు ఆర్బిట్రేషన్‌కు పోవచ్చని 2020లో విద్యా ద్రోలియా తీర్పు వచ్చాక, అద్దెదారు ఆ క్లాజు చూపించి దావాను ఆపగలడు. రెంట్ కంట్రోల్ కేసులకు ఆ ఇబ్బంది లేదు.

ఓనరు అమెరికాలో ఉంటే

అక్కడ రాసిన పవర్ ఆఫ్ అటార్నీ ఇక్కడికి వచ్చిన 3 నెలల లోపు స్టాంపు వేయించాలి. గడువు దాటిన పవర్‌తో వేసిన దావాకు మొదటి అభ్యంతరం అక్కడే వస్తుంది. పత్రంలో "అద్దె వసూలు చేయుటకు" అని మాత్రమే ఉంటే చాలదు. నోటీసు ఇవ్వడం, దావా వేయడం, సాక్ష్యం చెప్పడం, రాజీపడడం, స్వాధీనం తీసుకోవడం అన్నీ పేరుపేరునా రాయించండి. పవర్ పట్టుకున్న బావమరిది తనకు తెలిసిన విషయాలకే సాక్ష్యం చెప్పగలడు. మీకు మాత్రమే తెలిసినవి, ముఖ్యంగా "నేను తిరిగొచ్చి ఆ ఇంట్లో ఉంటాను" అన్న అవసరం, మీరే చెప్పాలి.

రాజీ, తర్వాత అమలు

నోటీసు అందాక చాలామంది అద్దెదారులు మాటకు వస్తారు. ఆ మాటను తెల్ల కాగితం మీద కాక లోక్ అదాలత్‌లో పెట్టండి. అక్కడిచ్చే అవార్డుకు డిక్రీతో (కోర్టు తీర్పు మీద ఇచ్చే ఉత్తర్వుతో) సమానమైన విలువ ఉంటుంది, దాని మీద అప్పీలు లేదు, దావా పెండింగులో ఉంటే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది. దావా వేయకముందే ప్రీ-లిటిగేషన్ కింద కూడా వెళ్లొచ్చు. షరతుల్లో ఖాళీ చేసే తేదీ, అప్పటిదాకా నెలకు ఎంత, కరెంటు బిల్లు ఎవరిది, అడ్వాన్సులో ఎంత పట్టుకుని మిగతాది ఎప్పుడు ఇస్తారో, మాట తప్పితే నేరుగా అమలుకు వెళ్తారని రాయించండి. రెండు నెలల అద్దె మాఫీ చేసి నాలుగు నెలల గడువిచ్చినా, నా లెక్కలో అది గెలిచిన కేసే.

రాజీ కుదరక డిక్రీ వచ్చిందనుకుందాం. అవతలివాళ్లు అప్పీలు వేసి స్టే అడుగుతారు. ఆ దశలో పాత అద్దె కట్టుకుంటూ ఉండిపోవడానికి వీల్లేదని, ఆస్తి ఇవాళ తెచ్చిపెట్టే అద్దె మేరకు కట్టమని కోర్టు షరతు పెట్టవచ్చని 2004లో వచ్చిన ఆత్మారాం ప్రాపర్టీస్ తీర్పు చెబుతుంది. స్టే పిటిషన్‌కు కౌంటర్ వేసేటప్పుడు పక్కింటి రిజిస్టర్డ్ లీజు కాపీ ఒకటి జతచేస్తే ఆ అంకెకు ఆధారం దొరుకుతుంది.

స్టే లేకపోతే వెంటనే ఈపీ (డిక్రీ అమలు పిటిషన్) వేయండి. డిక్రీకి 12 ఏళ్ల ఆయుష్షు ఉంది కదా అని ఆగితే, రెండేళ్లు దాటాక మళ్లీ నోటీసు ఇవ్వాల్సి వస్తుంది. అమలు పిటిషన్లు 6 నెలల్లో తేల్చాలని 2021లో రాహుల్ షా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ తీర్పు కాపీ ఈపీతో పెట్టడంలో తప్పులేదు. ఆర్డర్ 21 రూల్ 35 కింద వారంటు తీసుకుని అమీనా వస్తాడు. తలుపు తీయకపోతే తాళం పగలగొట్టే అనుమతి, పోలీసు సాయం ముందే పిటిషన్లు వేసి తెచ్చుకోండి. ఆ రోజు గుమ్మంలో నిలబడి అడిగితే దొరకవు. "నేను ఆయన దగ్గర అద్దెకున్నాను" అంటూ కొత్త మనిషి అడ్డం వస్తే రూల్ 97 కింద అదే కోర్టు అదే ఈపీలో తేలుస్తుంది, వేరే దావా అక్కర్లేదు.

స్వాధీనం ఇచ్చే రోజు తాళాలు చేసేవాడిని, ఇద్దరు పొరుగువాళ్లను, కొత్త తాళాన్ని వెంట తీసుకెళ్లండి. సామాను మిగిలి ఉంటే అమీనా చేత జాబితా రాయించి పంచనామాలో పెట్టించండి. మీరే మూటగట్టి రోడ్డు మీద పెడితే బీరువాలో బంగారం పోయిందని ఫిర్యాదు వస్తుంది. మీటరు రీడింగు ఫోటో తీయండి. పంచనామా మీద సంతకాలు అయ్యాకే గుమ్మం దాటండి, అమీనా రిపోర్టు కోర్టులో దాఖలై స్వాధీనం నమోదయ్యే దాకా ఆ ఇంటిని కొత్తవాళ్లకు అద్దెకివ్వకండి.